వడ్ల కుప్ప ముందు బండి ఆగాలంటే

యాసంగి కోతలు మొదలయ్యాయంటే హనుమకొండ నుంచి పరకాల వెళ్లే దారిలో రోడ్డు సగమే మనది. మిగతా సగం వడ్లది. పగలంతా ఆరబోస్తారు, పొద్దుగూకేసరికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. నల్లటి తారు మీద నల్లటి కవరు, దాని చుట్టూ తలకాయంత రాళ్లు, పక్కన చెదిరిన గింజలు. వీధిదీపం ఉండదు.

కొన్నేళ్ల కింద అలాంటి కుప్ప ముందే నేను పడ్డాను. రాత్రి ఏడు దాటింది. ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వస్తోంది. అది దాటిపోయిందో లేదో నా ముందు ఏదో నల్లగా కనిపించింది. ముందు బ్రేకు గట్టిగా పట్టాను. కింద గింజలున్నాయి. సబ్బు మీద కాలేసినట్టు ముందు చక్రం పక్కకు జారిపోయింది. మోచేయి చీరుకుపోయింది, మెడ కింది ఎముక విరిగింది. హెల్మెట్‌కు పట్టీ పెట్టుకున్నాను కాబట్టి లెక్క అంతటితో తేలింది.

కాపలా ఉన్న పెద్దాయన పరుగెత్తుకొచ్చి లేపాడు. నొప్పిలో నేనేదో కోపంగా అన్నాను. ఆయన నా బండిని పక్కకు నిలబెట్టి, "మరి మేమెక్కడ ఆరబోసుకోవాలె బిడ్డా?" అన్నాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే వడ్లు తీసుకోరు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగానే ఉంటాయి. ఊళ్లో కల్లాలు కట్టుకునే జాగాలు ఎప్పుడో ఇళ్లయ్యాయి. వేడెక్కిన తారు కంటే బాగా ఆరబెట్టే చోటు ఆయనకు ఇంకోటి లేదు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక తీర్పు ఇచ్చారు. "ముందు బ్రేకు ఎందుకు పట్టినవ్?" అని ఒకరు. "పొద్దుమీకినంక ఎందుకు పోయినవ్?" అని ఇంకొకరు. మా మేనత్త మాత్రం "నీ టైం బాగలేదురా" అని తేల్చేసింది. నాకేమో ఇరవై ఏళ్లుగా నడుపుతున్నవాడిని, చేయి తిరిగినవాడిని అని ఒక గర్వం. చేయి మెడకు కట్టుకుని మంచం మీదున్న నెలన్నరలో కాగితం మీద లెక్క వేసుకుంటే తేలింది వేరు. నేను బ్రేకు పట్టే సమయానికే కావలసింది అయిపోయింది. తప్పు అంతకు ముందు వంద మీటర్ల దగ్గర జరిగింది.

ఆ లెక్క ఇది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కంటికి ఏదో కనిపించి, అదేమిటో మెదడుకు తెలిసి, చేయి బ్రేకు మీదికి పోయేసరికి మామూలు మనిషికి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు ఇంకా పడకముందే 25 మీటర్లు పోయాం. ఆ తర్వాత పొడి తారు, మంచి టైర్లు, రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే ఆగడానికి ఇంకో 23 మీటర్లు. మొత్తం 48. అదే 40లో వెళ్తుంటే 27 మీటర్లలో ఆగుతాం. 80లో అయితే 74 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది. అక్కడే మన అంచనా తప్పుతుంది, ఎందుకంటే స్పీడోమీటర్ ముల్లు మాత్రం పాపం రెండు రెట్లే కదులుతుంది.

ఇందులో నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఇంకొకటుంది. పక్కపక్కన రెండు బండ్లు వెళ్తున్నాయనుకోండి, ఒకటి 60లో, ఒకటి 80లో. ఇద్దరికీ ఒకేసారి 48 మీటర్ల దూరంలో కుప్ప కనిపించింది. ఇద్దరూ ఒకేసారి బ్రేకు వేశారు. 60లో ఉన్నతను కుప్పకు ఆనుకుని ఆగుతాడు. అదే చోట 80లో ఉన్నతని వేగం ఎంతుంటుంది? ఇరవయ్యే అంటారు చాలామంది. నేనూ అదే అనుకున్నాను. కాదు, 64. మొదటి 33 మీటర్లు అతను బ్రేకు ముట్టుకోనేలేదు. మిగిలిన 15 మీటర్లలో తగ్గింది పదహారే.

ఇప్పుడు రాత్రికి వద్దాం. మన దగ్గర ఎక్కువగా తిరిగే వంద, నూటపది సీసీ బండ్ల లో-బీమ్‌లో నల్లటి వస్తువు కనిపించేది ముప్పై, నలభై మీటర్ల దూరంలో. 60లో ఆగడానికి 48 కావాలి. అంటే చీకట్లో 60లో వెళ్తున్న మనిషి కనిపించిన దాని ముందు ఆగలేడు, ఎంత నేర్పు ఉన్నా సరే. దారి ఖాళీగా ఉంటుందన్న నమ్మకం మీద వెళ్తున్నాడు, అంతే. ఎదుటి బండి హైబీమ్ పడితే ఆ ముప్పై మీటర్లు కూడా ఉండవు. కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. మూడే అనుకున్నా, 60లో అది 50 మీటర్ల గుడ్డి ప్రయాణం. నేను చేసింది అదే. లారీ లైటు కళ్లలో పడగానే వదలాల్సిన యాక్సిలరేటర్‌ను లారీ దాటాక వదిలాను.

అందుకే ఎదుటి లైటు పడుతున్నప్పుడు దాని వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు చూస్తూ, అప్పటికే 40 కిందికి రావాలి. జాతీయ రహదారి మీద ఆ అంచుకు తెల్ల గీత ఉంటుంది. ఊళ్ల దారుల్లో చాలాచోట్ల గీత ఉండదు, కాబట్టి ఇంకా తగ్గాలి. వడ్లే కాదు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ కూడా కుప్ప లాంటిదే, కాకపోతే కదిలే కుప్ప. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే బండ్లు చూడండి. పత్తి ఇరుపక్కలా ఉబ్బి, ఉన్న లైటును కూడా కప్పేస్తుంది. ట్రాలీ వెనక జానెడు ఎర్ర రేడియం అంటించడానికి పెద్ద ఖర్చేం కాదు. రైతు మీద కోపం కన్నా ఆ జానెడు రేడియం మీద పట్టుదల మంచిదని నాకనిపిస్తుంది.

బ్రేకుల విషయంలో మనకు ఇద్దరు గురువులుంటారు, ఇద్దరూ రెండు రకాలుగా చెప్తారు. "ముందు బ్రేకు ముట్టకు, పల్టీ కొడతవ్" అని బండి నేర్పిన నాన్న. "ముందు బ్రేకే అసలు బ్రేకు" అని షోరూం మెకానిక్. విచిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెప్తారు. బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు వంగుతుంది. బస్సు డ్రైవర్ సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలినట్టే. అప్పుడు ముందు టైరు రోడ్డును గట్టిగా అదుముతుంది, వెనక టైరు తేలికైపోతుంది. తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేసినా జారడమే తప్ప ఆపలేదు. వెనక బ్రేకు ఒక్కటే వాడేవాళ్లకు ఆగే దూరం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి పొడి రోడ్డు మీద మెకానిక్‌దే గెలుపు.

ఇక నాన్న మాట ఎక్కడ నిజమవుతుంది? గింజల మీద, ఇసుక మీద, నాట్ల కాలంలో దమ్ము చేసి పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ వదిలిన నల్లమట్టి మీద. టైరుకు ఉండే పట్టు జేబులో ఉన్న డబ్బు లాంటిది. మలుపు తిరగడానికి కొంత ఖర్చు, ఆగడానికి కొంత ఖర్చు. పొడి తారు మీద జేబు నిండుగా ఉంటుంది. గింజల మీద చిల్లరే ఉంటుంది. చిల్లరతో పెద్ద బేరం ఆడితే చక్రం జారుతుంది. వెనక చక్రం జారితే బండి తోక ఆడిస్తుంది, సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైం ఉండదు. కాబట్టి గింజలు, బురద కనిపిస్తే వేగం తగ్గించడమంతా వాటి మీదికి ఎక్కకముందే అయిపోవాలి. ఎక్కాక హ్యాండిల్ నిటారుగా, బ్రేకు వదిలేసి, తగ్గిన వేగంతో దాటడమే.

పొడి రోడ్డు మీదైనా ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకూడదు. నిమ్మకాయ పిండినట్టు ముందు మెల్లగా, బరువు ముందుకు వచ్చాక గట్టిగా. ఆ రెండింటి మధ్య తేడా అర సెకను కూడా ఉండదు, కానీ చక్రం జారడానికీ జారకపోవడానికీ తేడా అదే. ఇది చదివితే రాదు. ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ జాగాకు పోయి 30లో మొదలుపెట్టి ఇరవై సార్లు ఆపి చూడండి. మా మేనల్లుడు నవ్వాడు, "మామా, బ్రేకు వేసుడు కూడ నేర్చుకోవాల్నా?" అని. మూడోసారికి వెనక చక్రం కీచుమంది, నవ్వడం మానేశాడు.

ఏబీఎస్ ఉందిగా అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. 125, అంతకు తక్కువ వాటికి సీబీఎస్ ఉన్నా చాలన్నారు. అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు. మన ఊళ్లలో తిరిగేవి ఎక్కువగా ఈ రెండో రకమే, లేదా రెండూ లేని పాతవి. ఏబీఎస్ ఉన్నా అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ రోడ్డుకు లేని పట్టును తేలేదు. గింజలు గింజలే.

ఇప్పటివరకూ మనకు ఎదుటిది కనిపించడం గురించి. మనం ఎదుటివారికి కనిపించకపోవడం ఇంకో పెద్ద చిక్కు. నగరంలో జరిగేవి ఎక్కువ ఈ రకమే. ఆటో సడన్‌గా యూటర్న్ తిప్పుతాడు, గొడవవుతుంది, "సూడలే అన్నా" అంటాడు. అబద్ధం చెప్తున్నాడని మనకు ఒళ్లు మండుతుంది. చాలాసార్లు అది నిజం. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను ఒక్కొక్కటీ ప్రమాద స్థలానికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. రెండు బండ్లు గుద్దుకున్న వాటిలో మూడింట రెండు వంతుల సార్లు అవతలి బండి అడ్డం వచ్చింది. ప్రధాన కారణం బైకును చూడకపోవడం, లేదా చూసేసరికి ఆలస్యం కావడం. బైకతనికి తప్పించుకోవడానికి దొరికింది రెండు సెకన్ల లోపే.

ఎందుకు కనిపించం? ఎదురుగా నేరుగా వస్తున్న సన్నటి వస్తువు కంటికి కదులుతున్నట్టు అనిపించదు. దూరంలో ఉన్నంతసేపూ దాని పరిమాణం దాదాపు అంతే ఉంటుంది, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా చిన్న వస్తువు పెద్దదానికంటే దూరంగా, నెమ్మదిగా ఉన్నట్టు మెదడు లెక్కగడుతుంది. అదే వేగంతో బస్సు వస్తుంటే ఆగే ఆటో, బండి వస్తుంటే ఎందుకు ఆగదో ఇప్పుడు అర్థమవుతుంది. భయం సంగతి అటుంచితే, అతని కంటికి మనం నిజంగానే దూరంగా ఉన్నాం. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లకు పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండే ఏర్పాటు పెట్టింది ఇందుకే. దాన్ని ఆపడానికి స్విచ్ పెట్టించుకునే మహానుభావులు మనలో ఉన్నారు. బ్యాటరీ ఆదా అట.

అయితే ఆటో తిరుగుతుందా లేదా ముందే ఎలా తెలుస్తుంది? ఇండికేటర్‌ను నమ్మలేం. డ్రైవర్ ముఖాన్ని కూడా నమ్మలేం, మన వైపే చూస్తూ మనల్ని చూడకపోవచ్చు. ముందు చక్రాన్ని చూడండి. బండి కదలకముందే ఆ చక్రం తిరుగుతుంది, అది అబద్ధమాడదు. చౌరస్తా దగ్గరికి వస్తున్నప్పుడు వేళ్లు బ్రేకు మీద ఉంచుకుంటే ఆ సెకనున్నరలో అర సెకను మిగులుతుంది. 40లో అది అయిదున్నర మీటర్లు, ఆటో పొడవు కంటే ఎక్కువే.

లారీల దగ్గర లెక్క వేరు. భూపాలపల్లి బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు, కరీంనగర్ గ్రానైట్ బండలు మోసే ట్రెయిలర్లు మన రోడ్ల మీద పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. వాటి ఎడమ పక్కన ఉన్న బండి డ్రైవర్‌కు చాలాసార్లు అస్సలు కనిపించదు. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించరు. పొడవాటి లారీ ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి పోతుంది. ఎడమ పక్క ఖాళీ దొరికిందని మనం దూరతాం. ఆ ఖాళీ మనకోసం వదిలింది కాదు.

రాంగ్ రూట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్ నుంచి జనగామ మీదుగా వరంగల్ వచ్చే 163వ జాతీయ రహదారికి డివైడర్ పడ్డాక రోడ్డు పక్క ఊరివాళ్లకు అవతలి పొలం దూరమైంది. యూటర్న్ కోసం ముందుకు పోయి మళ్లీ వెనక్కి రావడానికి పెట్రోలు ఎందుకని అంచు పట్టుకుని ఎదురు వస్తారు. అది బద్ధకమే అని కొట్టిపారేయలేను, ఆ ఓపెనింగులు ఎక్కడ పెట్టాలో ఊరివాళ్లను అడిగి ఉంటే సగం తగ్గేది. కానీ లెక్క మాత్రం ఎవరినీ క్షమించదు. మనం 40లో, ఎదురుగా కారు 80లో వస్తుంటే మధ్య దూరం సెకనుకు 33 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. వంద మీటర్లు మూడు సెకన్లు.

మందు, ఫోను గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసినవే. లెక్కలోనే చెప్పాలంటే, మందు ఆ సెకనున్నరను ఇంకో అర సెకను సాగదీసినా 60లో ఎనిమిది మీటర్లు. హెల్మెట్‌లో ఫోను ఇరికించుకోవడం, తల పక్కకు వంచి వినడం చూస్తూనే ఉంటాం. ఆ రెండో చెవి కూడా మూసుకుంటే బాగుండు, అప్పుడైనా మాట్లాడరు.

ఇంత లెక్క వేసినా ఒకరోజు తప్పుతుంది. అప్పటికోసమే హెల్మెట్. దాని గట్టి పైపెంకు కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది లోపలి తెల్ల థర్మోకోల్. తల రోడ్డుకు తగిలినప్పుడు అది నలిగిపోతూ, ఒక్క క్షణంలో ఆగిపోవాల్సిన తలను కాస్త నెమ్మదిగా ఆపుతుంది. మెదడుకు ఆ కాస్తే కావాలి. నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు. కాబట్టి ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్, పైకి గీత లేకున్నా, పనికిరాదు. రోడ్డు పక్కన అమ్మే చౌక టోపీల్లో లోపల వేలు పెట్టి నొక్కి చూడండి, స్పాంజి తగులుతుంది. అది చలాన్‌ను ఆపుతుందేమో గానీ దెబ్బను ఆపదు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మకూడదు. ఆ ముద్ర పక్కన ఐఎస్ 4151 అని ఉండాలి. పట్టీ పెట్టుకోకపోతే మనం కింద పడకముందే హెల్మెట్ వేరే దారి చూసుకుంటుంది.

హెల్మెట్ చావు ముప్పును సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి, వెనక కూర్చున్నా సరే. మన ఇళ్లలో మాత్రం ఆయనకు హెల్మెట్ ఉంటుంది, ఆమెకు కొంగు ఉంటుంది.

మేడారం జాతర రోజుల్లో ములుగు దాటాక పస్రా, తాడ్వాయి దారిలో ఒక్కో బండి మీద ఇల్లంతా ఉంటుంది. తల్లుల దగ్గరికి పోతున్నాం, ఏం కాదన్న ధైర్యం. భక్తి గురించి నేనేం అనను, బండి గురించి అంటాను. వెనక బరువు పెరిగితే ముందు లేస్తుంది, మన లో-బీమ్ ఎదుటివారి కళ్లలో పడుతుంది, మన ముందున్న రోడ్డు చీకటవుతుంది. వెనక టైరు గాలి ఒక్కరికి సరిపోయేంత ఉంటే మలుపుల్లో బండి ఊగుతుంది. ఎంత కొట్టించాలో చాలా బండ్లకు చెయిన్ కవరు మీదో, వెనక మట్‌గార్డ్ దగ్గరో అంటించి ఉంటుంది, ఇద్దరికి వేరే అంకె కూడా ఉంటుంది. వెనక చక్రానికి చీర కొంగు చుట్టుకోకుండా గార్డు ఉండాలని నిబంధన ఉంది. స్టైల్ కోసం దాన్ని విప్పేసిన బండి మీద అమ్మను ఎక్కించుకోకండి.

ఎవరైనా పడిపోయి కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడుతున్నంతసేపూ హెల్మెట్ లాగకండి, మెడ కదలనీయకండి, నీళ్లు తాగించకండి. పోలీసులు సాక్ష్యమని తిప్పుతారన్న భయం అక్కర్లేదు. 2019 సవరణతో చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

నేను మళ్లీ అదే దారిలో తిరుగుతున్నాను. చీకటి పడితే 40 దాటను. ముప్పై కిలోమీటర్ల దారికి అది పదిహేను నిమిషాలు ఎక్కువ. పోయిన యాసంగిలో నేను పడ్డ చోటికి కాస్త ఇవతల, చీకట్లో ఏదో తెల్లగా మెరిసింది. దగ్గరికి పోతే వడ్ల కుప్ప. నాలుగు మూలలా కర్రలు పాతి, ఒక్కో కర్రకు ఒక్కో తెల్ల యూరియా సంచి కట్టారు. బండి దిగి, అది మొదట కనిపించిన చోటు దాకా వెనక్కి నడిచాను. తొంభై అడుగులేశాను, అరవై మీటర్లు దాటే ఉంటుంది. కుప్ప దగ్గర చుట్ట కాలుస్తున్నాయనకు చెప్పాను, "మంచి పని చేసినవ్ పెద్దయ్యా, దూరం నుంచే కనబడుతుంది" అని.

ఆయన నన్నో వింత మనిషిని చూసినట్టు చూశాడు. "మీ కోసం కాదు సారూ," అన్నాడు, "రాత్రి పందులొస్తున్నయని కట్టిన."